ఖాళీ గడిలో పడిన అంకె

ఆ రోజు పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. రావలసిన వేళ పది. మార్కాపురంలో ఇరవై నిమిషాలను ఎవరూ ఆలస్యం అనరు. నేను లేచి ముందు ఫ్యాను వేశాను, తరవాత పాత కంప్యూటరు మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. కంప్యూటరు లేవలేదు. మళ్ళీ నొక్కాను. లోపల చిన్న చప్పుడయి ఆగిపోయింది, కాలిన వాసన వచ్చింది.

పక్కన కొత్త కంప్యూటరు ఉంది. కుర్చీ అటు జరుపుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే పెద్ద తప్పు అక్కడ మొదలైంది.

ముప్పై ఏళ్ళకు దగ్గరగా నేను సి భాషలో ప్రోగ్రాములు రాశాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు కనిపిస్తే, ఏ భాష నేర్చుకోవాలి సార్ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. నేను చెప్పగలిగింది ఒక ఊరి సంగతి. ఇది నాకంటే బాగా చెప్పగల మనిషి, నాతో పనిచేసిన రూతమ్మ. ఆమె పోయి మొన్నటి చలికాలానికి ఏడాది. ఇక నేనే రాయాలి.

పలకల దుకాణం వెనక గది

నాకు పని ఇచ్చింది కాశయ్యగారు. వాళ్ళది తరాలుగా పలకల వ్యాపారం. బడిపిల్లలు రాసుకునే రాతి పలకలను గడ్డి వేసి చెక్కపెట్టెల్లో సర్ది లారీలకెక్కించే దుకాణం. ఆ బేరం సన్నగిల్లుతున్న రోజుల్లో దుకాణం వెనక గదిలో ఆయన కంప్యూటరు పెట్టించి, అడిగినవాళ్ళకు ప్రోగ్రాములు రాసిపెట్టడానికి నన్ను కూర్చోబెట్టాడు. ఆయనకు కంప్యూటరు రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. ఆయనకు తెలిసింది పలక. వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, కంటికి కనిపించని చీలిక ఉందో లేదో చెప్పేవాడు. ప్రోగ్రాము అయిపోయిందని నేను చెబితే ఆయన అడిగే మాట ఒకటే.

"తట్టి చూసినావా అబ్బయా?"

"చూసినా మామా."

"ఎన్ని పక్కల?"

"ఎన్ని పక్కలేంది మామా, నడుస్తాంది గదా!"

"ఒక పక్క తడితే పలక అబద్ధం చెప్తాది. నాలుగు మూలలూ తట్టల్ల."

మొదట్లో నాకు ఇది చాదస్తంగా తోచింది. తరవాత ఆ మాట నుంచే మా పద్ధతి తయారైంది. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా పాత ప్రోగ్రాముతో ఒక కాగితం, కొత్త ప్రోగ్రాముతో ఒక కాగితం అచ్చు తీసేవాళ్ళం. నేను కొత్తది పైకి చదివేవాణ్ణి. కాశయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని పాతదాని మీద ఒక్కొక్క వరుసకు పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. మధ్యలో దుకాణానికి మనుషులు వస్తే, "ఉండండి, చదువుడు నడుస్తాంది" అనేవాడు. వాళ్ళు మేమేదో పారాయణం చేస్తున్నామనుకుని చెప్పులు విప్పి నిలబడేవాళ్ళు.

నాలుగు ఊళ్ళు, నాలుగు రకాల యంత్రాలు

మా పడమటి మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. రుచికి తెలియదు. కాచినా పోదు. ఒకే ఊళ్ళో ఈ బోరింగు మంచిదయి, ఆ బోరింగు చెడ్డదయి ఉండవచ్చు. ఒక సేవాసంస్థ వాళ్ళు మార్కాపురం, గిద్దలూరు, పెద్దదోర్నాల, కురిచేడులలో నీళ్ళు పరీక్షించే గదులు పెట్టారు. ఊళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు వస్తాయి. పరీక్ష చేసి అంకె కంప్యూటరులో కొడతారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు లోపు ఉంటే మంచిది, దాటితే చెడ్డది. ఆ పనికి వాళ్ళు కాశయ్యగారిని అడగ్గా నేను రాసిన ప్రోగ్రాము ఊరి వారీగా జాబితా అచ్చు వేస్తుంది. రంగులు వేసేవాళ్ళు ఆ కాగితం పట్టుకుని పోయి మంచి బోరింగుకు నీలం, చెడ్డదానికి ఎరుపు వేస్తారు. సీసా రాకపోయినా, పగిలినా ఆ వరుసలో "పరీక్ష కాలేదు" అని వస్తుంది. అలాంటి బోరింగుకు ఏ రంగూ వేయరు.

మార్కాపురం గదిలో పరీక్షలు చేసేది రూతమ్మ. హనుమంతునిపాడు మండలంలో ఒక చిన్న పల్లె ఆమెది. తల్లీదండ్రీ కూలికి పోయి చదివించారు. చేతిరాత ముత్యాల్లా ఉండేదని రాస్తే ఆమె నవ్వేది. వంకర రాతే. కానీ ఆమె రిజిస్టరులో కొట్టివేత ఒక్కటి కూడా చూడలేదు నేను.

ఆ నాలుగు గదుల కంప్యూటర్లూ దాతలు ఇచ్చినవి. ఒక్కటీ ఇంకొకదానిలా ఉండేది కాదు. దోర్నాలలో విండోస్ కూడా లేని ఉత్త డాసు. గిద్దలూరులో విండోస్ తొంభై ఐదు. మార్కాపురంలో తొంభై ఎనిమిది, కురిచేడులో విండోస్ రెండు వేలు. సి భాషలో రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చడాన్ని కంపైల్ చేయడం అంటాం. పాత యంత్రంలో కంపైల్ చేసినది కొత్తదానిలో సాధారణంగా నడుస్తుంది. కొత్తదానిలో చేసినది పాతదానిలో నడవాలని లేదు. ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాదు, గిద్దలూరు నుంచి వచ్చిన ఫోనులో తెలిసింది.

"అన్నా, ఇదేందో ఫైలు లేదంటాంది" అన్నాడు అక్కడి మనిషి.

"ఏ ఫైలు?"

"నాకేం తెలుసన్నా! నేనైతే దేన్నీ ముట్టుకోలా. పొద్దున గది ఊడ్చింది గూడ నేను కాదు."

ఆయన తప్పేం లేదు. నా కొత్త యంత్రంలో ఉన్న ఒక ఫైలు ఆయన పాత యంత్రంలో అసలు పుట్టనే లేదు. ఆ తరవాత నుంచి అన్నిటికంటే పాతదైన మా డాసు కంప్యూటరులోనే కంపైల్ చేశాను. ఫ్లాపీని రెండు పలకల మధ్య పెట్టి రబ్బరు పట్టీ వేసి బస్సులో తీసుకుపోయేవాణ్ణి. బస్సు కుదుపులకు ఫ్లాపీ వంగకుండా ఉండేది. గిద్దలూరు బస్సు కండక్టరు నన్ను చూసినప్పుడల్లా, "ఈ వయసులో ఏ తరగతన్నా?" అని అడిగేవాడు.

ఆ పనిలో ఒక తృప్తి ఉండేది. ఒకే ప్రోగ్రాము, నాలుగు ఊళ్ళు, నాలుగు రకాల తెరలు, నాలుగింటిలోనూ ఒకే కాగితం. దోర్నాల గది ముందు హోటల్లో, శ్రీశైలం పోయే జనం మధ్య కూర్చుని ఇడ్లీ తింటూ, లోపల అచ్చు యంత్రం కరకరమనే చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం తరవాత పెద్ద ఊళ్ళలో పెద్ద పనులు చేసినప్పుడు కూడా కలగలేదు.

ఆ ఉదయం

పాత కంప్యూటరు లేవని రోజుకు కొద్దిగా ముందే గిద్దలూరుకూ దోర్నాలకూ కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అంటే డాసు ఇక ఎక్కడా లేదు, నా బల్ల మీద తప్ప. ఊరిపేర్లు పెద్ద అక్షరాల్లో రావాలని రంగులు వేసేవాళ్ళు అడిగారు. చిన్న మార్పు. మర్నాడు వాళ్ళు బయలుదేరాలి, జాబితాలు సాయంత్రానికి కావాలి. పాతదాన్ని బాగుచేయించే తీరిక లేదు. కొత్తదానిలో కంపైల్ చేశాను.

అది ఒక హెచ్చరిక చూపించింది. ఫలానా వరుసలో, విలువ పెట్టకుండానే వాడుతున్నట్టున్నావు అని. హెచ్చరిక వచ్చినా ప్రోగ్రాము తయారవుతుంది. ఎన్నాళ్ళుగానో నడుస్తున్న వరుస అది. పాత కంపైలరు ఎన్నడూ ఏమీ అనలేదు. దీనికి అతి జాగ్రత్త అనుకుని వదిలేశాను. కాశయ్యగారు పెళ్ళికి కంభం పోయారు. టిక్కు పెట్టే మనిషి లేడు. పై నాలుగు వరుసలు కంటితో చూసి, బాగానే ఉందని పంపేశాను.

జరిగింది ఇది. ప్రతి బోరింగుకూ అంకె చదివి ఒక చోట పెట్టుకోమని రాశాను. గడి ఖాళీగా ఉంటే అక్కడ ఏం పెట్టాలో రాయలేదు. రాయని చోట ఏం ఉంటుందో సి భాష హామీ ఇవ్వదు. పాత యంత్రంలో ఆ చోట ఎప్పుడూ సున్నా ఉండేది. నేను పెట్టింది కాదు, అలా కలిసివచ్చింది. సున్నా వస్తే "పరీక్ష కాలేదు" అని అచ్చయ్యేది. కొత్త యంత్రంలో ఆ చోట అంతకు ముందు బోరింగు అంకె అలాగే మిగిలిపోయింది. అంటే పరీక్ష చేయని బోరింగుకు పక్క బోరింగు ఫలితం వచ్చి పడింది. పక్కది మంచిదైతే ఇదీ మంచిదే అయిపోయింది.

తప్పు కొత్త యంత్రానిది కాదు. పాత యంత్రం నా తప్పును ఏళ్ళ తరబడి కప్పిపెట్టింది, అంతే.

గురువారం నుంచి సోమవారం దాకా

ఏడు వారాల తరవాత ఒక గురువారం పాత కంప్యూటరుకు కాలిపోయిన భాగం దొరికింది. వేయించి, లేచిందన్న సంతోషంలో పాత ప్రోగ్రాముతో అవే జాబితాలు అచ్చు తీశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆరు ఊళ్ళవి ఆరు వరుసలు కలవలేదు. ఆరింటిలోనూ పాతదానిలో "పరీక్ష కాలేదు" అని ఉంది. కొత్తదానిలో అంకె ఉంది, నీలం అని ఉంది.

కాశయ్యగారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఆరు వరుసలూ చదివాడు.

"రంగు ఏసేసినారా?"

"ఏసేసినారు మామా."

"మళ్ళా లిస్టు ఎప్పుడు?"

"వచ్చే నెల."

"అయితే దాంట్లో సరిగా కొట్టు. ఇప్పుడే బయటపెడితే ఈ పని మన చేతిలో నుంచి పోతాది. ఒక్క నెలే గదా."

నేను సరేనన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. పేరు పోతుందని భయపడ్డాడు. నేను భయపడింది కూడా దానికే. యజమాని చెప్పాడన్నది నాకు దొరికిన సాకు. ప్రోగ్రాములో తప్పు ఎవరైనా చేస్తారు. తెలిసిన తరవాత నేను ఊరుకున్న నాలుగు రోజులే నా అసలు తప్పు. ఆ నాలుగు రోజులూ నేను అన్నం తిన్నాను, పేపరు చదివాను, నిద్రపోయాను. అది కూడా రాయాలి.

సోమవారం రూతమ్మ వచ్చింది. చేతిలో రిజిస్టరు. నిలబడే అడిగింది.

"అన్నా, మా ఊళ్ళో చర్చి కాడి బోరింగుకు నీలం ఎట్ల వచ్చింది?"

"లిస్టులో అట్ల వచ్చిందేమో రూతమ్మా."

"లిస్టులోకి యాడనుంచి వచ్చింది? ఆ సీసా బస్సులో నా ఒళ్ళోనే పగిలింది. చీరంతా తడిసింది. ఇదో, నేనే గీత పెట్టినా చూడు."

రిజిస్టరు నా ముందు తెరిచి పెట్టింది. ఆ గడిలో చిన్న అడ్డగీత.

"నాకు తెలుసు" అన్నాను.

"ఎప్పటినుంచి?"

"గురువారం నుంచి."

ఆమె కోప్పడలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. నిన్న ప్రార్థన అయినాక మా చిన్నమ్మ ఆ నీళ్ళే ఇచ్చింది. నేను గూడ తాగినా. ఊరంతా ఇప్పుడు ఆ నీళ్ళే."

కాశయ్యగారు దుకాణంలో నుంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. "నాది గూడ తప్పేనమ్మా. వచ్చే లిస్టులో మార్చమన్నది నేనే."

"వచ్చే లిస్టు దాకా దప్పిక ఆగుతాదా పెద్దయ్యా?"

ఆయన చెప్పులేసుకుని బజారులోకి పోయాడు. పావుగంటలో ఒక ఎర్రరంగు డబ్బా, రెండు కుంచెలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మిగతా అయిదు ఊళ్ళకు నేను ఫోన్లు చేయిస్తా. మీరు పోండి" అన్నాడు.

ఏసమ్మ

మధ్యాహ్నానికి ఆ పల్లె చేరాం. చర్చి పక్కన బోరింగు, కొత్త నీలం రంగు. దాని దగ్గర రూతమ్మ చిన్నమ్మ ఏసమ్మ బిందె పట్టుకుంటోంది. మోకాళ్ళు వంగవు ఆమెకు. ఒక చెయ్యి బోరింగు మీద ఆనించి, రెండో చేత్తో కొడుతోంది. ఆమె జీవితమంతా కూలికి పోయింది. ఆ బోరింగుకు నీలం పడకముందు ఊరి బడి దగ్గరున్న మంచి బోరింగుకు పోయి, పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె తెచ్చుకునేది. ఆ దూరం నాలాంటివాడికి పది నిమిషాలు. ఆమెకు ముప్పావుగంట.

"ఏందే రూతీ, నిన్ననే గదా పోయినావు! ఈ అబ్బయ్య ఎవరు?"

"బోరింగుల లిస్టు కొట్టేదాన్ని రాసేది ఈ అన్నే చిన్నమ్మా."

ఆమె ముఖం వెలిగింది. "నువ్వేనా నాయనా! చల్లగుండు. నా కాళ్ళు నిలబెట్టినావు."

నేను డబ్బా కింద పెట్టాను. చెప్పవలసింది చెప్పాను. ఈ నీళ్ళు పరీక్ష కాలేదని, నీలం వేయడం నా తప్పని, పరీక్ష అయ్యేదాకా తాగవద్దని. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె బోరింగు కొట్టడం ఆపింది.

"కంప్యూటరు చెప్పిందంటిరి గదా?"

"అది తప్పు చెప్పింది. నేను తప్పుగా రాసినా."

"తియ్యగుండాయే నీళ్ళు! అది తాగి చూసిందా ఏంది?"

"దీంట్లో ఫ్లోరైడు నోటికి తెలీదు చిన్నమ్మా" అంది రూతమ్మ.

"నాకు తెలీదు, దానికి తెలీదు, ఈయనకు తెలీదు. ఇంగ రంగెందుకేసినారే?"

ఆమె బిందె వంక చూసింది. నిండింది.

"రెండు నెల్లు హాయిగుంటి. ఇంటి ముందరే నీళ్ళు. మోకాళ్ళు గూడ కొంచిం బాగయినాయి అనుకుంటి. మళ్ళా బడికాడికి పోవాల్నా?"

"పోవాల చిన్నమ్మా."

ఏసమ్మ ఆ బిందెను రెండు చేతులతో వంచింది. నీళ్ళు మట్టిలోకి పోయాయి. ఖాళీ బిందె నా చేతికిచ్చింది.

"అయితే ఈ పూటకు నువ్వు తేపో. తప్పు నీదేనంటివి గదా."

బడి దగ్గరి బోరింగు నుంచి బిందె భుజం మీద పెట్టుకుని వచ్చాను. సగం నా చొక్కా మీదే పోయింది. పల్లె ఆడవాళ్ళు గడపల్లో నిలబడి చూశారు. "కంప్యూటరాయన నీళ్ళు మోస్తాండాడ్రోయ్" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. ఏసమ్మ కూడా నవ్వింది. నేను వచ్చేసరికి రూతమ్మ నీలం మీద ఎరుపు పూయడం మొదలుపెట్టింది. పరీక్ష కానిదానికి ఏ రంగూ వేయకూడదన్నది మా నియమం. ఆమె దాన్ని అక్కడే మార్చింది. "తెలీనిది చెడ్డదాని కిందే లెక్క" అంది.

రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకుని, ఒక సీసా ఆమె, ఒక సీసా నేను ఒళ్ళో పెట్టుకుని తిరిగి వచ్చాం. మర్నాడు పరీక్ష చేసింది. అంకె నాలుగు దాటింది.

రెండు నెలల నీళ్ళతో ఎవరికీ కొత్తగా ఏమీ కాదని ఒక డాక్టరు తరవాత చెప్పాడు. నిజమే కావచ్చు. ఏసమ్మ మోకాళ్ళు అంతకు ముందు నలభై ఏళ్ళ నీళ్ళతో బిగుసుకున్నాయి. కానీ ఆమెకు నేను దగ్గరి నీళ్ళు ఇచ్చి మళ్ళీ తీసేసుకున్నాను. దానికి డాక్టరు చెప్పగలిగింది ఏమీ లేదు. ఆమె బతికినన్నాళ్ళూ బడి దగ్గరికే నడిచింది.

తరవాత

ఆ పని మా చేతిలోంచి పోలేదు. సేవాసంస్థ వాళ్ళకు కాశయ్యగారే పోయి చెప్పుకున్నారు. వాళ్ళు కోప్పడి, ఉంచుకున్నారు. ఆయన ఆ నాలుగు రోజుల గురించి మళ్ళీ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్క సాయంత్రం తప్పుగా ఆలోచించాడు. ఆ సాయంత్రం నేను ఆయనకు అడ్డు చెప్పి ఉంటే మనసు మార్చుకునేవాడని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు సాంకేతికంగా నేను చెప్పేది తక్కువ. వాడబోయే ప్రతి చోటా ముందు మీరే ఒక విలువ పెట్టండి. హెచ్చరికలను ఎర్రర్లలాగే చూడండి. ఎన్నాళ్ళుగానో నడుస్తోంది అన్నది సాక్ష్యం కాదు. ఒకే ప్రోగ్రామును వేరు వేరు వెర్షన్ల మీద నడపడంలో ఒక మేలు ఉంది. ఒకటి దాచిన తప్పును ఇంకొకటి బయటపెడుతుంది. దాన్ని శ్రమ అనుకుని తప్పించుకోవద్దు. ఇప్పుడు ప్రోగ్రాముతో పాటు అది నడవడానికి కావలసిన ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టి పంపుతున్నారు. గిద్దలూరు ఫోనులాంటిది ఇక రాదు. మంచిదే. కానీ ఆ మూటలో నా ఖాళీ గడి కూడా భద్రంగా ప్రయాణం చేస్తుందని మరవకూడదు.

ఇంకొక నియమం రూతమ్మ పెట్టింది. ఆ ఏడాది నుంచి నేను ఎప్పుడు కొత్త వెర్షనుకు కంపైల్ చేసినా, మొదటి కాగితాన్ని రంగులు వేసేవాళ్ళకు ఇవ్వనిచ్చేది కాదు. మేమిద్దరం దాన్ని తీసుకుని ఏదో ఒక ఊరికి పోవాలి. ఆమె రిజిస్టరు పట్టుకుంటుంది, నేను కాగితం పట్టుకుంటాను. ఒక్కొక్క బోరింగు దగ్గర నిలబడి, ఆ నీళ్ళు తాగే మనుషుల ముందు, దాని అంకె పైకి చదవాలి. పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాళ్ళం. దారిలో ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. తాను చదువుతున్న నవల నాకిచ్చి కిటికీ పక్కన కూర్చునేది. అలా ఎన్ని ఊళ్ళు తిరిగామో నేను లెక్క పెట్టుకోలేదు. పెట్టుకుని ఉండవలసింది.

కొళాయిలు వచ్చాక పరీక్ష గదులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రూతమ్మ చివరిదాకా మార్కాపురంలోనే ఉంది. నీళ్ళ అంకెలు ఇప్పటికీ ఎక్కడో కంప్యూటర్లలోకి ఎక్కుతూనే ఉన్నాయి, వాటి ప్రోగ్రాములు మారుతూనే ఉన్నాయి. మొదటి కాగితం పట్టుకుని ఊరికి పోయి చదవడం మాత్రం ఇప్పుడు లేదు.